డిమెన్షియా ఉన్న భర్తకు, భార్యకు ఏం బహుమతి ఇవ్వాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లిరోజుకు వారం ముందు, పుట్టినరోజుకు రెండు రోజుల ముందు, సంక్రాంతి బట్టలు కొనే రోజుల్లో నాకు ఫోన్లు వస్తాయి. "అక్కా, ఈసారి ఆయనకి ఏం కొనను?" "అమ్మా, మా ఆవిడకి ఇంకా పట్టుచీర కొనాలంటారా?" అడిగేవాళ్లు మారుతుంటారు, సందేహాలు మాత్రం అవే. మావారు ఆర్టీసీలో ముప్పై రెండేళ్లు కండక్టరుగా చేశారు. ఆయనకు అల్జీమర్స్ అని, అంటే డిమెన్షియా అనే మతిమరుపు జబ్బుల్లో ఒక రకమని, తెలిసి తొమ్మిదేళ్లయింది. ఈ తొమ్మిదేళ్లలో నేను కొన్నవాటిలో సగం బీరువాలో అలాగే ఉన్నాయి, మిగతా సగం ఆయన చేతుల్లో అరిగిపోయాయి. అరిగిపోయినవాటి దగ్గర నేర్చుకున్నదే ఎక్కువగా రాశాను. మీ ఇంట్లో ఏ దశ నడుస్తోందో నేరుగా అక్కడికే వెళ్లండి. ఏ జవాబుకు ఆ జవాబు సరిపోయేలా రాశాను.

## కొనే ముందు

ఇచ్చిన పది నిమిషాలకే మర్చిపోతారు. ఇంక ఇవ్వడం దేనికి?

అందరికంటే ఎక్కువ మంది అడిగేది ఇదే. కొందరు అడుగుతూనే ఏడుస్తారు.

అల్జీమర్స్‌లో తొలుత దెబ్బతినేవాటిలో ఒకటి హిప్పోకాంపస్. కొత్త జ్ఞాపకాలను దాచిపెట్టే పని మెదడులో ఆ భాగానిదే. అందుకే పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు కానీ, అరవై ఏళ్ల కిందట బడిలో పక్కన కూర్చున్న పిల్లాడి పేరు గుర్తుంటుంది. అయితే మనసుకు కలిగిన హాయి, బాధ మాత్రం అంత తొందరగా చెరిగిపోవు. అమెరికాలోని ఐయోవా విశ్వవిద్యాలయం వాళ్లు అల్జీమర్స్ ఉన్న 17 మందికి దిగులు పుట్టించే దృశ్యాలు, ఆనందం కలిగించే దృశ్యాలు చూపించారు. 2014లో ఆ వివరాలు ప్రచురించారు. కాసేపటికి ఏం చూశారో వాళ్లకు సరిగా గుర్తులేదు. ఆ దిగులు, ఆ ఆనందం మాత్రం వాళ్లలో ఇంకా అలాగే ఉన్నాయి.

మా ఇంట్లో నేను రోజూ చూసేదీ ఇదే. పొద్దున తల దువ్వి, భుజం మీద మెత్తటి కొత్త కండువా వేస్తే, ఎవరు వేశారో ఆయనకు తెలియదు. కానీ ఆ మధ్యాహ్నం అన్నం ముందు చిరాకుపడరు. మీరిచ్చింది ఆయనకు చేరింది. ఇచ్చారన్న సంగతి మాత్రం మీ ఒక్కరికే గుర్తుంటుంది.

ఏం కావాలని అడిగితే "ఏమీ వద్దు" అంటారు. ఎలా తెలుసుకోవడం?

అడగడం మానేయండి. మూడు రోజులు ఆయన చేతుల్ని చూడండి. టవలు మడతపెడుతున్నారా, జేబులో ఏదో వెతుకుతున్నారా, బల్ల మీద వేళ్లతో తాళం వేస్తున్నారా, గోడకున్న మేకును లాగుతున్నారా? చేతులు వెతుకుతున్నదేమిటో తెలిస్తే కొనాల్సిందేమిటో తెలిసినట్టే.

రెండోది, వాళ్ల పదో ఏడు నుంచి ముప్పయ్యో ఏడు వరకు ఉన్న కాలాన్ని తవ్వండి. మనిషికి బలంగా నిలిచిపోయే జ్ఞాపకాలు ఎక్కువగా ఆ వయసువే. 1950లో పుట్టినవారైతే 1960 నుంచి 1980 వరకు. అప్పటి ఊరు, ఉద్యోగం, వాడిన సబ్బు, తిన్న తిండి, ఆడిన ఆట, చెరువుగట్టు స్నేహితులు. ఆడపడుచునో, బావగారినో కూర్చోబెట్టి అడగండి. నలభై ఐదేళ్లు కాపురం చేసినా మనకు తెలియనివి బోలెడు బయటపడతాయి.

మాకు చెప్పింది అల్జీమర్స్ కాదు, వేరే రకం డిమెన్షియా. తేడా ఉంటుందా?

కొంత ఉంటుంది. లెవీ బాడీ రకంలో లేని మనుషులు, జంతువులు కనిపించడం మామూలు కాబట్టి పెద్ద పెద్ద బొమ్మలున్న దుప్పట్లు, మనిషి ముఖాల పటాలు, మెరిసే వస్తువులు వద్దు. ఫ్రంటోటెంపోరల్ రకంలో కొందరికి తీపి మీద ఆపలేని యావ వస్తుంది. మిఠాయి పెట్టె మొత్తం చేతికివ్వకండి. పక్షవాతం లాంటివి వచ్చి రక్తప్రసరణ దెబ్బతిన్న వాస్క్యులర్ రకంలో ఒక చెయ్యి బలహీనంగా ఉండొచ్చు. ఒంటిచేత్తో వాడగలిగేదే ఎంచుకోండి.

ఎంత ఖర్చు పెట్టాలి?

పోయినా, పగిలినా, ఎవరికైనా ఇచ్చేసినా మీకు కోపం రానంత. కోపం వచ్చేంత డబ్బు పెట్టి కొన్నామంటే రోజంతా ఆ వస్తువుకు కాపలా కాస్తూ ఉంటాం.

## తొలి దశ

మొన్ననే తెలిసింది. మనిషి మామూలుగానే ఉన్నారు. మామూలు బహుమతే ఇవ్వొచ్చా?

ఇవ్వాలి కూడా. జబ్బు పేరు తెలిసిన మర్నాటి నుంచే ఆయన్ని రోగిలా చూడకండి. ఎప్పుడూ చొక్కా ఇస్తే ఈసారీ చొక్కానే ఇవ్వండి.

నన్నడిగితే మాత్రం తొలి దశలో వస్తువు కంటే ప్రయాణం మేలంటాను. వెళ్లాలనుకుని వెళ్లని ఊళ్లు ఇప్పుడే వెళ్లండి. మేము పాపికొండలకు లాంచీలో వెళ్లొచ్చాం. ఆ ఏడాది ఆగి ఉంటే ఇంక కుదిరేది కాదు. జనం రద్దీ లేని రోజులు చూసుకోండి, పగటి ప్రయాణం పెట్టుకోండి, ఒకే చోట రెండు రాత్రులు ఉండండి. రోజుకో ఊరు, రోజుకో గది అంటే తొలి దశలోనే తికమకపడతారు.

పజిళ్లు, సుడోకు పుస్తకాలు కొనిస్తే జ్ఞాపకశక్తి పెరుగుతుందంటున్నారు. కొననా?

ముందు నుంచీ అలవాటుంటే కొనండి. రోజూ పేపర్లో గళ్లనుడికట్టు నింపే మనిషికి అది ఆనందమే. అలవాటు లేనివాళ్లకు అది పరీక్ష అవుతుంది.

ఈ తప్పు నేనే చేశాను. జబ్బు తెలిసిన మొదటి ఏడు, పెళ్లిరోజుకని లెక్కల పజిళ్ల పుస్తకాలు మూడు తెచ్చాను. ఆయన బస్సు నడుస్తుండగా నిలబడి, అరవై మంది చిల్లర లెక్క నోటితో వేసిన మనిషి. రెండో పేజీలో ఆగిపోయారు. పెన్సిలు పుస్తకంలో పెట్టి, మూసి, నా వైపు చూడకుండా "ఇది నాకెందుకు తెచ్చావు?" అన్నారు. ఆ గొంతు నేనింకా మర్చిపోలేదు. ఆయనకు రానిదేమిటో ఆయనకే చూపించే వస్తువు బహుమతి ఎలా అవుతుంది? అష్టాచెమ్మా, పేకాట, క్యారమ్స్ లాంటి చిన్నప్పటి ఆటలైతే ఓడినా గెలిచినా పక్కన మనిషి ఉంటాడు, నవ్వు ఉంటుంది.

ఫొటో ఆల్బం చేయిద్దామనుకుంటున్నాం. ఎలా చేయించాలి?

పేజీకి ఒకటే ఫొటో, లేదా రెండు. కింద పెద్ద అక్షరాల్లో పేరు, ఊరు, ఏడు: "పెద్దక్క సరోజిని, అమలాపురం, 1971" అన్నట్టు. పేరు రాసి ఉంటే ఆయన చదువుకుని చెబుతారు. చదువుతున్నారా, గుర్తొచ్చి చెబుతున్నారా అన్నది మనకెందుకు? మెరిసే కాగితం మీద లైటు పడితే బొమ్మ కనిపించదు. మెరుపులేని కాగితం మీద అచ్చు వేయించండి.

చిన్నప్పటి ఫొటోలు, పెళ్లి ఫొటోలు ఎక్కువ పెట్టండి. మనవల ఫొటోలు కొన్ని చాలు. ముఖ్యమైన మాట ఒకటి. పక్కన కూర్చుని "ఈవిడెవరో చెప్పండి చూద్దాం" అనకండి. "అదిగో మీ అక్కయ్య, ఆవిడ చేసే పులసకూర ఎంత బాగుండేదో" అని మీరే అందుకోండి. చెప్పాలనిపిస్తే ఆయనే చెబుతారు.

ఆవిడ గొంతు రికార్డు చేసి ఉంచుకోవాలని ఉంది. అలా చేస్తే బాధపడుతుందా?

దాచకుండా చెప్పి చేయండి. "పిల్లలకు నీ వంటలు నీ గొంతులోనే ఉండాలి" అంటే చాలామంది ఉత్సాహంగా చెబుతారు. రోజుకు పదిహేను నిమిషాలు, పొద్దుటి పూట, టిఫిన్ అయ్యాక. ఆవకాయ కొలతలు, పెళ్లిచూపుల కథ, అమ్మమ్మ పాడిన జోలపాట, నలుగు పాట. ఫోన్లో రికార్డు చేసి మూడు చోట్ల దాచండి. కొన్నేళ్లకు ఆవిడ మాట తగ్గిపోయాక, తన పాట తనే విని పెదాలు కదిపే రోజు రావొచ్చు. నాకు తెలిసిన ఒక పెద్దాయన ఇంట్లో అలాగే జరిగింది. ఇప్పుడాయన పొద్దున్నే కాఫీతోపాటు ఆ జోలపాట పెడతారు.

బహుమతి కంటే ముందు చేయాల్సిన పనులేమైనా ఉన్నాయా?

ఉన్నాయి. మనిషి తెలివిగా నిర్ణయం చెప్పగలిగినప్పుడే వీలునామా, బ్యాంకు ఖాతాల నామినేషన్, పెన్షన్ కాగితాలు సరిచూసుకోండి. మన చట్టం ప్రకారం పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చిన మనిషి మానసిక సామర్థ్యం కోల్పోతే ఆ అధికారం చెల్లదు, కాబట్టి దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకండి. వకీలుతో మాట్లాడండి. చివరి రోజుల్లో తనకు ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో ఆయన నోటితోనే విని రాసి పెట్టుకోండి. అడగడానికి నోరు రాదు, నిజమే. నేను అడిగిన రోజు ఆయన చాలాసేపు మాట్లాడారు. ఎవరైనా అడుగుతారా అని చూస్తున్నట్టే ఉన్నారు.

పెద్ద అంకెల గడియారం, మందుల పెట్టె లాంటివి బహుమతులేనా?

వాడతారు కాబట్టి మంచివే, కానీ పండగ రోజు రంగు కాగితం చుట్టి ఇవ్వకండి. మామూలు రోజు తెచ్చి గోడకు తగిలించండి. వారం, తేదీ, పొద్దునా సాయంత్రమా అన్నది తెలుగులో పెద్దగా కనిపించేది దొరికితే అదే తీసుకోండి. దొరక్కపోతే రోజుకో కాగితం చించే పాత రకం క్యాలెండరు. పొద్దున్నే ఆ కాగితం చించే పని ఆయనకే ఇవ్వండి.

## నడిమి దశ

రిటైరై పదిహేనేళ్లయినా "డ్యూటీకి టైమైంది" అంటూ తలుపు దగ్గర నిలబడతారు. దీనికి పనికొచ్చే బహుమతి ఉందా?

ఉంది. ఆ డ్యూటీనే ఇవ్వండి.

మావారు సాయంత్రం నాలుగైతే చాలు, చొక్కా వేసుకుని గుమ్మంలోకి వచ్చేవారు. "మీకిప్పుడు డ్యూటీ లేదండీ" అని ఏడాది పాటు రోజూ చెప్పాను. రోజూ గొడవే. తర్వాత ఆయనతో పనిచేసిన ఒకరి దగ్గర పాత తోలు క్యాష్ సంచి దొరికింది. జిరాక్సు షాపులో లేత గులాబీ, పచ్చ, పసుపు కాగితాల మీద రాజమండ్రి నుంచి కాకినాడ అని, మధ్య ఊళ్లు ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు, సామర్లకోట అని అచ్చు వేయించి, చిన్న చిన్న కట్టలుగా కోయించి ఒక పక్క కుట్టించాను. ఒకటే చిల్లు పడే కాగితం పంచ్ కొన్నాను. మొత్తం నాలుగువందల లోపే.

పెళ్లిరోజు సాయంత్రం సంచి ఆయన భుజానికి తగిలించాను. ఆయన చెయ్యి తనంతట తనే లోపలికి వెళ్లింది. కట్ట తీసి, బొటనవేలు నోటిదాకా తెచ్చి తడి చేసుకుని, ఒక టికెట్టు పైకి లేపి ఆగారు. నా వైపు తిరిగి "ఎక్కడికమ్మా?" అన్నారు. "అనపర్తి" అన్నాను. అది మా పుట్టింటి ఊరు. టకీమని చిల్లు కొట్టి చేతిలో పెట్టారు. "చిల్లర ఉంచుకోండి, వంద ఇస్తే ఎలా?" అన్నారు. నేను వంద కాదు కదా, ఏమీ ఇవ్వలేదు. ఆ సాయంత్రం గుమ్మం దగ్గరికి వెళ్లలేదు.

చేతులు నేర్చిన పని ఆలస్యంగా పోతుంది. టీచరుగారికి ఎర్ర పెన్సిలు, దిద్దడానికి పిల్లల పాత నోటుపుస్తకాలు. దర్జీకి టేపు, గుడ్డముక్కలు, సుద్ద. కత్తెర వద్దు. రైతుకు చేట, కాసిని వడ్లు. గుమాస్తాకు గీతల పుస్తకం, రబ్బరు ముద్ర, ఇంకు ప్యాడు. మనిషిని చిన్నపిల్లాడిలా ఆడించడం కాదిది. ఆయన పని ఆయనకు తిరిగి ఇవ్వడం.

మా ఆవిడ రోజంతా కొంగు పీకుతూ, కుచ్చెళ్లు లాగుతూ ఉంటుంది. చేతులకు ఏం ఇవ్వాలి?

దూది ఇవ్వండి. వత్తులు చేయడం తెలిసిన చేతులు ఎన్ని మర్చిపోయినా దూది అందితే నలపడం మొదలుపెడతాయి. వత్తి సన్నగా వచ్చిందా లావుగా వచ్చిందా అని చూడకండి. సాయంత్రం ఆ వత్తితోనే దీపం పెట్టి ఆవిడకు చూపించండి. చిక్కుడుకాయలు ఈనె తీయడం, కరివేపాకు దూయడం, గోరింటాకు కోయడం, ఉతికిన చేతిరుమాళ్లు మడతపెట్టడం కూడా మంచివే.

కుట్టుపని వచ్చినవారు ఇంట్లో ఉంటే పాత చీరలతో ఒడిలో పట్టేంత చిన్న బొంత కుట్టించండి. ఆవిడవే పాత చీరలు తీసుకోండి. ఒక మూల పట్టు అంచు, ఒక మూల మెత్తటి వెల్వెట్టు, ఒక జేబు, ముడి వేసే తాడు, గట్టిగా కుట్టిన పెద్ద గుండీలు. ఊడి నోట్లోకి వెళ్లే పూసలు, చమ్కీలు వద్దు.

పాటల పెట్టె కొంటే వింటారా?

చాలామంది వింటారు. మాట తడబడే మనిషి పాట అందుకోవడం నేను కళ్లారా చూశాను. పాట జ్ఞాపకం ఇతర జ్ఞాపకాల కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. సరెగమ కారవాన్ లాంటి, ముందే పాటలు నింపి వచ్చే పెట్టెలు బాగుంటాయి, ఎందుకంటే తిప్పడానికి మీటలు తక్కువ. ఆయనకు ఇష్టమైన పాటలు దానిలో లేకపోతే పిల్లల చేత పెన్ డ్రైవ్‌లో ఎక్కించండి.

ఇరవై ఏళ్ల వయసులో ఏవి విన్నారో అవే పెట్టండి. రేడియో అలవాటున్న ఇంట్లో పొద్దుటి భక్తిపాటలు, మధ్యాహ్నం సినిమా పాటలు అన్న వరస పాటిస్తే పూట కూడా తెలుస్తుంది. రోజంతా మోగించకండి, అరగంట చాలు. టీవీ కట్టేసి పాట పెట్టండి. పాట వింటూ కన్నీళ్లు పెట్టుకుంటే వెంటనే ఆపేయక్కర్లేదు. చెయ్యి పట్టుకుని చూడండి. నెమ్మదిస్తే సరే, కలవరపడుతుంటే ఆపండి.

ఇంకా పట్టుచీర కొనాలా? పంచె కట్టుకోలేకపోతున్నారు, ఏం కొనాలి?

ఆవిడకు చీరంటే ఇష్టమైతే కొనండి. కాకపోతే బరువు జరీ వద్దు, మెత్తటి నూలు చీర. కుచ్చెళ్లు ముందే కుట్టి, నడుముకు అతికించే రకం ఏ దర్జీ అయినా కుట్టిపెడతారు. జాకెట్టుకు ముందువైపు పెద్ద గుండీలో, అంటుకునే పట్టీయో పెట్టించండి. ఆయనకైతే అంటించుకునే పంచెలు బజారులో దొరుకుతున్నాయి. అంచు మడమ పైకే ఉండాలి, కాళ్లకు అడ్డం పడకూడదు.

నచ్చిన చొక్కా ఒకటి ఉంటే అలాంటివే నాలుగు కొనండి. ఉతకడానికి తీస్తే జరిగే పోరు తప్పుతుంది. పెద్ద పెద్ద చుక్కలు, దట్టమైన గళ్లు వద్దు. చుక్కల్ని పురుగులనుకుని దులుపుకునేవాళ్లున్నారు. నల్లటి పట్టాను గొయ్యి అనుకుని కాలు వెయ్యరు, కాబట్టి గుమ్మం ముందు వేసే పట్టా లేత రంగుది ఎంచుకోండి.

బంగారం ఇవ్వొచ్చా?

వద్దు. తీసి ఎక్కడో పెడతారు, కనిపించకపోతే పనమ్మాయి తీసిందంటారు, ఆ అమ్మాయి మానేస్తుంది. ఆ తర్వాత మీ పరిస్థితి ఆలోచించండి. మెడలో ఉన్న తాళిని మాత్రం "జాగ్రత్త" పేరుతో తీసేయకండి, ఆవిడ చెయ్యి దాన్ని వెతుక్కుంటుంది. బరువు గొలుసు తీసి పసుపుతాడుకో, నల్లపూసలకో మార్చవచ్చు. ఉంగరాలు వేలి వాపు చూసి ముందే తీయించాలి.

రెండుసార్లు ఇల్లు వదిలి వెళ్లిపోయారు. దానికి తగ్గది ఏం కొనాలి?

వెండి కడియం. లోపలి వైపు పేరు, "మతిమరుపు జబ్బు ఉంది" అన్న మాట, రెండు ఫోన్ నంబర్లు చెక్కించండి. సులువుగా ఊడిరాని కొక్కెం పెట్టించండి. ఎక్కడున్నారో చూపించే వాచీలు పనికొస్తాయి కానీ చార్జింగు మీరు పెట్టాలి, ఆయన పెట్టుకోరు. గుళ్లో పూజ చేయించి తొడిగిన కడియాన్ని మావారు ఒక్కసారి కూడా తీయలేదు. వాచీని మూడోరోజుకే బియ్యం డబ్బాలో పెట్టారు.

పసిపాప బొమ్మ ఇస్తే కొందరు శాంతిస్తారట. అవమానం కాదా?

మొదట నాకూ అలాగే అనిపించింది. ఇప్పుడు అనిపించదు. ముగ్గురు పిల్లల్ని ఎత్తుకుని పెంచిన చేతులు ఖాళీగా ఉండలేకపోవడంలో అవమానమేముంది? చేతికి ఇవ్వకండి. కుర్చీలో పెట్టి పక్కకు తప్పుకోండి. తనంతట తను ఎత్తుకుంటే సరే, లేకపోతే తీసేయండి. పాప అంటే మీరూ పాప అనండి, బొమ్మ అంటే బొమ్మ అనండి. బిడ్డను పోగొట్టుకున్న తల్లి అయితే ఈ జోలికి వెళ్లకండి.

మిఠాయిలు పెట్టొచ్చా?

చక్కెర జబ్బు సంగతి డాక్టరు చెప్పినట్టే. అది లేకపోయినా గొంతు సంగతి చూడాలి. మింగడం మందగించాక సున్నుండ పొడిపొడిగా విరిగి గొంతుకు అడ్డం పడుతుంది, పూతరేకు అంగిలికి అతుక్కుంటుంది. మెత్తటి కోవా, జున్ను, బాగా ఉడికిన పరమాన్నం, రవ్వకేసరి చిన్న చెంచాతో పెట్టండి. నిటారుగా కూర్చోబెట్టి, ఒక ముద్ద మింగాకే ఇంకోటి. తింటూ దగ్గుతుంటే ఆపి డాక్టరుకు చెప్పండి.

ఏవి అస్సలు ఇవ్వకూడదు?

తినేవాటిలా కనిపించే తినకూడనివి. కర్పూరం బిళ్ల కలకండలా ఉంటుంది, కలరా ఉండ పిప్పరమెంటులా ఉంటుంది, రెండూ విషమే. గురివింద గింజలు, గన్నేరు మొక్క ఇంట్లో ఉండకూడదు. వామనగుంటల ఆటకు చింతగింజలు ఇస్తే నోట్లో వేసుకుంటారు, పెద్ద గవ్వలు వాడండి. గుండీ బ్యాటరీ ఉన్న బొమ్మలు, తనంతట తనే మాట్లాడే పరికరాలు, పడకగదిలో నిలువుటద్దం కూడా వద్దు. అద్దంలో మనిషిని పరాయివాడనుకుని భయపడతారు.

అమెరికాలో ఉన్న పిల్లలు ట్యాబ్ పంపుతామంటున్నారు. పంపమననా?

వీడియో కాల్ ఎవరో ఒకరు పట్టుకుని చూపించగలిగితే పంపమనండి. ఆయనే నొక్కి మాట్లాడతారనుకుంటే వద్దు. పిల్లలకు నేను చెప్పేది ఒకటే. ఆ డబ్బుతో వారానికి రెండు పూటలు ఇంటికి వచ్చి తోడుండే మనిషిని పెట్టండి. నెలకో ఉత్తరం పెద్ద అక్షరాలతో తెలుగులో రాయండి. చదివిన ఉత్తరమే మళ్లీ చదువుతారు, ప్రతిసారీ కొత్తదే.

యాభయ్యో పెళ్లిరోజు ఘనంగా చేద్దామంటున్నారు బంధువులు. చేయొచ్చా?

మేళం, హోమం పొగ, రెండొందల మంది, ఒక్కొక్కరూ వచ్చి "నేనెవరో గుర్తుపట్టారా?" అనడం. ఇది ఆయనకు పండగ కాదు. ఇంట్లోనే, పొద్దుటి పూట, పదిమందికి మించకుండా, రెండు గంటల్లో ముగించండి. వచ్చేవాళ్లు తమ పేరు తామే ముందు చెప్పాలని అందరికీ చెప్పి ఉంచండి. దండలు మార్చుకోవడం మాత్రం వదలకండి, ఆ పని చేతులకు గుర్తుంటుంది.

ప్రేమగా ఇస్తే "ఇది నాది కాదు" అని విసిరేశారు. ఏం చేయాలి?

తీసి లోపల పెట్టండి, వాదించకండి. నాలుగు రోజుల తర్వాత కాగితం, రిబ్బను ఏమీ లేకుండా ఆయన మామూలుగా కూర్చునే చోట పక్కన ఉంచండి. కొత్త వస్తువు భయపెడుతుంది. ఒకసారి ఉతికి, ఇంట్లో వాసన పట్టాక ఇస్తే కొత్తదనిపించదు.

## చివరి దశ

మాట లేదు, మంచం మీదే ఉంటారు. ఇప్పుడేం ఇవ్వగలను?

చర్మం, ముక్కు, చెవి ఇంకా అందుకుంటాయి. గోరువెచ్చని కొబ్బరినూనెతో అరచేతులు, అరికాళ్లు మెల్లగా రాయండి. తలగడ పక్కన నాలుగు మల్లెలు, ఒక సంపెంగ. ఆయన రోజూ పెట్టుకున్న విభూతి నుదుట పెట్టండి. మీ పాత నూలు చీరతో కుట్టిన బొంత కప్పండి. ఆ బట్టకు మీ వాసన ఉంటుంది.

ఈ దశలో వేళ్లు ముడుచుకుపోయి గోళ్లు అరచేతిలో గుచ్చుకుంటాయి. మెత్తటి గుడ్డను చుట్టగా చుట్టి పిడికిట్లో పెట్టండి. నేను మా అమ్మాయి చిన్నప్పటి గౌను చుట్టి పెట్టాను. వేళ్లు బలవంతంగా విప్పకూడదు. మణికట్టు మీద మెల్లగా నిమురుతుంటే వాటంతటవే వదులవుతాయి.

నేనెవరో తెలియదు. పెళ్లిరోజు జరుపుకోవాలా?

మీకు జరుపుకోవాలని ఉంటే జరుపుకోండి. ఆయన కోసం నటించాల్సిన పని లేదు. "ఈరోజు మన పెళ్లిరోజు" అంటే కొందరు గాబరాపడి "నాకు పెళ్లయిందా?" అంటారు. అలాంటప్పుడు "ఈరోజు మంచిరోజు, పాయసం చేశాను" అంటే సరిపోతుంది. ఆ పాయసం ఇద్దరూ ఒకే గిన్నెలోంచి తినండి.

ఆయన్ని సంరక్షణ కేంద్రంలో ఉంచాం. అక్కడికి ఏం తీసుకెళ్లాలి?

పోతే బాధపడేది ఏదీ తీసుకెళ్లకండి. బట్టలన్నిటికీ లోపలి వైపు పేరు కుట్టించండి. మంచం పక్కన గోడకు ఆయన వయసులో ఉన్నప్పటి ఫొటో ఒకటి, దాని కింద నాలుగు వాక్యాలు: ఏం పని చేసేవారు, ఎలా పిలిస్తే పలుకుతారు, కాఫీలో చక్కెర ఎంత, దేనికి భయపడతారు. అక్కడ పనిచేసే పిల్లలు ఆ కాగితం చదివిన రోజు నుంచి ఆయన్ని "ఏడో నంబరు మంచం" అనకుండా "మాస్టారూ" అంటారు. వాళ్లకు కూడా ఒక మిఠాయి పెట్టె తీసుకెళ్లండి.

## మీ సంగతి

ఇన్నేళ్లూ నేనే ఇస్తున్నాను. నాకెవరూ ఏమీ ఇవ్వరు. ఇలా అనుకోవడం తప్పా?

తప్పు కాదమ్మా, తప్పు కాదు బాబూ. ఆడవాళ్లు దీన్ని నోటితో చెప్పరు, మగవాళ్లు అసలే చెప్పరు. నిద్ర లేక, బయటికెళ్లక, ఎదురుగా మనిషి ఉండగానే ఒంటరిగా బతకడం ఎంత కష్టమో నాకు తెలుసు.

పిల్లలు ఏం కావాలని అడిగితే "ఏమీ వద్దు" అనకండి. "గురువారం సాయంత్రం నాలుగు గంటలు నువ్వొచ్చి నాన్న దగ్గర కూర్చో" అని రోజు, గంట చెప్పి అడగండి. ఆ నాలుగు గంటల్లో ఇంటి పనులు చేయకండి. గుడికి వెళ్లండి, స్నేహితురాలి ఇంటికి వెళ్లండి, పడుకోండి. ఎవరూ లేకపోతే వృద్ధుల సహాయ నంబరు 14567కు ఫోన్ చేయండి. మనసు బాగా కుంగితే 14416, టెలీ మానస్, ఏ వేళైనా పలుకుతుంది. తెలుగులో మాట్లాడవచ్చు.

నాన్న చేత అమ్మకు బహుమతి ఇప్పిస్తామంటున్నాం. బాగుంటుందా, నాటకంలా ఉంటుందా?

ఆయన చేతిలో పెట్టి ఇప్పిస్తే బాగుంటుంది. ఆయన పేరు మీద మీరే కొరియర్ చేస్తే మాత్రం అమ్మ ఏడుస్తుంది. పట్టుకోవడానికి తేలికగా ఉండేది చూసుకోండి: ఒక మూర మల్లెపూలు, రెండు తమలపాకులు, ఒక పండు. ఎలా ఇచ్చినా సరిదిద్దకండి, "అలా కాదు నాన్నా" అనకండి. ఫొటో కోసం మళ్లీ ఇమ్మనకండి.

నిరుటి పెళ్లిరోజుకు మా అమ్మాయి అలాగే మల్లెదండ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. అప్పటికి ఆయనకు నేనెవరో తెలియక రెండేళ్లయింది. దండను కాసేపు తిప్పి తిప్పి చూశారు. వాసన చూశారు. పాత కండక్టరు సంచి భుజాన ఉంది. దానిలోంచి ఒక గులాబీ టికెట్టు చించి, చిల్లు కొట్టి, పూలతో కలిపి నా వైపు చాచారు. "ముందు సీటు ఖాళీగా ఉందండీ, కూర్చోండి" అన్నారు. పక్క కుర్చీలో కూర్చున్నాను.